రాగి అండా, అద్దాల తొట్టి

మా ఆయనకి నత్తి. పెళ్ళిచూపులనాడు ఆ సంగతి మాకు తెలియలేదు. నోరు విప్పితే కదా తెలిసేది. అబ్బాయి నెమ్మదస్తుడు, నోట్లో నాలుక లేని మనిషి అని సంబంధం తెచ్చినాయన చెబితే మా నాన్న మురిసిపోయాడు. మాది గూడూరు. మా పుట్టింట్లో అందరూ ఒకేసారి మాట్లాడతారు, ఎవరి గొంతు పెద్దదైతే వాళ్ళ మాట నెగ్గుతుంది. అందరిలోకీ నా గొంతే పెద్దది. ఇంత నోరున్న నన్ను తీసుకొచ్చి మద్రాసులో, చూలైలో, ఉలుకూ పలుకూ లేని ఇంట్లో పడేశారని పెళ్ళయిన వారానికే మా అమ్మకి ఉత్తరం రాశాను.

ఇల్లంటే పొడుగాటి పాత ఇంట్లో ఒక వాటా. ముందు గది, వంటిల్లు, వెనక నాలుగు కుటుంబాలకీ కలిపి ఒక పెరడు. పెరట్లో ఉప్పునీళ్ళ బావి, కార్పొరేషన్ కొళాయి, ఒక కరివేపాకు చెట్టు. వీధినిండా రేకు పని చేసే చిన్న చిన్న కార్ఖానాలు. పొద్దున మొదలైన సుత్తి దెబ్బలు సాయంత్రం దీపాలు పెట్టే వేళకి గానీ ఆగేవి కావు. ఇంట్లో ఉండేది ముగ్గురం. ఆయన, మా అత్త, నేను. నాలుగోది ఆ తొట్టి.

ముందు గదిలో మంచం లేదు, కుర్చీ లేదు. ఒక గోడ పొడవునా చేపల తొట్టి. అయిదడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు, అడుగున్నర ఎత్తు. ఇనప చట్రం వీధి చివర కార్ఖానాలో వెల్డింగు పెట్టించి, అడుగున కడప రాయి వేసి, నాలుగు వైపులా అద్దాలు ఆయనే బిగించారట. అద్దానికీ ఇనుముకీ మధ్య పెట్టే పుట్టీ కూడా సుద్దపొడి, అవిసె నూనె కలిపి తనే పిసుక్కున్నారు. ఆ పని ఆయనకి కొత్త కాదు. రైల్వేలో పెయింటరు. పెట్టెల మీద అంకెలు, స్టేషన్లలో ఊళ్ళ పేర్లు మూడు భాషల్లో రాసే ఉద్యోగం. నోటితో ఒక్క ఊరి పేరు తిన్నగా పలకలేని మనిషి, చేత్తో రాస్తే అక్షరం కళ్ళకద్దుకునేలా ఉండేది.

తొట్టికి ఇరవై బిందెల నీళ్ళు పట్టేవి. లోపల పెద్ద తోట. రిబ్బన్లలా పైదాకా పెరిగే గడ్డి, కుచ్చులు కుచ్చులుగా అల్లుకునే నాచు, అరచేతి వెడల్పు ఆకులున్న మొక్క ఒకటి, వాగుల్లో దొరికే గోధుమరంగు ఆకుల మొక్కలు. వాటి మధ్య చేపలు. అందంగా ఉండేదని ఇప్పుడంటున్నాను గానీ అప్పుడు నాకు ఒళ్ళు మండేది. కొత్త పెళ్ళాం వంటింట్లో ఉంటే, పని నుంచి వచ్చిన మనిషి చెప్పులు విప్పి నేరుగా ఆ తొట్టి ముందు పీట వేసుకుని కూర్చుంటే ఎవరికి మండదు? బావి గట్టు దగ్గర నిలవున్న నీళ్ళలోంచి దోమ పురుగుల్ని పాత మల్లు గుడ్డతో వడకట్టి తెచ్చి వాటికి మేపేవారు. మా అత్త ముక్కు మూసుకుని పక్కకి తప్పుకునేది గానీ కొడుకుని ఒక్క మాట అనేది కాదు. నాకు సవతి ఉందనీ, దానికి దోమ పురుగులు వండి వడ్డిస్తారనీ మా అమ్మకి మరో ఉత్తరం రాశాను.

ఆయన నాతో మాట్లాడడానికి ప్రయత్నించలేదని కాదు. మొదలుపెట్టేవారు. మొదటి అక్షరం దగ్గర మాట ఆగిపోయేది. పెదవులు బిగుసుకునేవి, మెడ నరం ఉబ్బేది. నేను చూడలేకపోయేదాన్ని. అది జాలి అనుకునేదాన్ని. ఇప్పుడు తెలుస్తోంది, అది ఓపిక లేకపోవడం. మిగతా మాట నేనే అందించేసేదాన్ని. ఆయన "మ" దగ్గర ఆగితే మజ్జిగ గ్లాసు చేతికిచ్చేదాన్ని. ఆయన తలూపి తాగేవారు. "రే" దగ్గర ఆగితే రేపు పోదాంలెండి అనేదాన్ని. ఎక్కడికో నాకే తెలియదు. దానికీ ఆయన తలూపేవారు. కోడలు చురుకైనది, మొగుడు నోరు తెరవకముందే మనసు కనిపెట్టేస్తుందని మా అత్త ఇరుగుపొరుగు దగ్గర చెప్పుకుంటే నేను పొంగిపోయేదాన్ని.

పెళ్ళయిన ఆరు నెలలకి, ఒక ఆదివారం మధ్యాహ్నం పెరట్లో బట్టలు ఆరేసి వస్తుంటే ముందు గదిలో ఎవరో మగమనిషి మాట్లాడుతున్నాడు. సుత్తి దెబ్బలు లేని రోజు గనక స్పష్టంగా వినిపించింది. మంచి గొంతు. ఎక్కడా తడబాటు లేదు. చుట్టమెవరో వచ్చారనుకుని కొంగు సర్దుకుని తొంగిచూశాను. అక్కడున్నది ఆయనే. పీట మీద కూర్చుని, రబ్బరు గొట్టంతో తొట్టి అడుగున పేరుకున్న మడ్డి లాగుతూ, చేపలతో మాట్లాడుతున్నారు.

"ఏందమ్మా, నిన్న పెట్టింది సాలలేదా నీకు? ఆడ దాక్కుంటే ఎట్ట, ఈడికి రా. వాడు తరిమినాడా? వాడి సంగతి నేను చూసుకుంటాలే, నువ్వు రా."

గుమ్మం దగ్గరే నిలబడిపోయాను. మొదట కోపమే వచ్చింది, దాచడం ఎందుకు. చేపలకి దక్కిన మాట నాకు దక్కలేదే అని కళ్ళలో నీళ్ళు తిరిగాయి. లోపలికెళ్ళి కడిగేద్దామనే అనుకున్నాను. ఏ దేవుడు ఆపాడో, అలా చేయలేదు. చప్పుడు కాకుండా వెళ్ళి ఆయన పక్కన నేల మీద కూర్చున్నాను. ఆయన ఉలిక్కిపడి నా వైపు తిరిగారు, మాట ఆగిపోయింది. నేను ఆయన్ని చూడలేదు. తొట్టిలోకే చూస్తూ, నల్ల చారలున్న ఆ చేపని ఏమంటారని అడిగాను. ఆయన కూడా తొట్టి వైపు తిరిగారు. దాన్ని ఏంజెల్ అంటారనీ, అది ఎక్కడి చేపో, ఏం తింటుందో, దేనితో పడదో, మొత్తం చెప్పుకొచ్చారు. ఎక్కడా ఆగలేదు.

మా కాపురం ఆ రోజు ఆ అద్దం ముందు మొదలైందనే చెప్పాలి. సాయంత్రం ఆయన రాగానే ఇద్దరం పీటలు వేసుకుని పక్కపక్కన కూర్చునేవాళ్ళం. నా మొహం చూడనంతసేపూ ఆయన మాట ధారగా వచ్చేది. అద్దంలో నా నీడ కనిపిస్తూ ఉండేది కదా, ఆ నీడతో చెప్పేవారు. బళ్ళో హాజరు పిలిచినప్పుడు పలకలేక, బెంచీ మీద కూర్చునే ఉండి కూడా నెలలో సగం రోజులు రానట్టు రాయించుకున్న సంగతి చెప్పారు. వాళ్ళ నాన్న పోయిన రోజు అమ్మని పిలవబోయి నోరు పెగలక వీధిలో నిలబడిపోయిన సంగతి చెప్పారు. మజ్జిగ ఆయనకి చిన్నప్పటి నుంచీ పడదన్న సంగతి కూడా అక్కడే బయటపడింది. ఆయనకి కావలసింది మంచినీళ్ళట. ఆరు నెలలు తాగారు మహానుభావుడు. నవ్వీ నవ్వీ నాకు కడుపు నొప్పెట్టింది. నవ్వాను గానీ బుద్ధి మాత్రం తెచ్చుకోలేదు. తొట్టి ముందు కూర్చుంటే వినేదాన్ని. అక్కణ్ణుంచి లేస్తే మళ్ళీ మామూలే, ఆయన మొదలుపెట్టడం, నేను ముగించడం.

తొట్టి పని కూడా నేర్చుకున్నాను. పదిహేను రోజులకోసారి నాలుగోవంతు నీళ్ళు తీసి కొత్తవి పోయాలి. రబ్బరు గొట్టం నోటితో పీల్చి వదిలితే నీళ్ళు వాటంతటవే బక్కెట్లోకి దిగుతాయి. మొదటిసారి నేను పీల్చడం ఎక్కువై పుక్కిలెడు మురికి నీళ్ళు మింగాను. తీసిన నీళ్ళు కరివేపాకు చెట్టుకి. అలాంటి చెట్టు చూలై మొత్తంలో లేదని మా అత్తకి గర్వం. కొళాయి నీళ్ళు నేరుగా పోయకూడదు, అందులో కలిపిన మందు వాసన పోవాలి. గది మూల నాలుగు మట్టికుండలు ఉండేవి. వాటిలో పట్టి, రెండు రోజులు కదపకుండా ఉంచి, అప్పుడు పోయాలి. నిలవున్న నీళ్ళే పోయాలని ఆయన ఎన్నిసార్లు చెప్పారో లెక్కలేదు. ఆయన చెప్పినవాటిలో ఆ ఒక్క మాట నాకు బాగా గుర్తుండిపోయింది. అదే కొంప ముంచింది.

ఏడాదికోసారి, వానలు పడి ఊరు చల్లబడ్డాక, తోట మొత్తం మార్చేవారు. పాత పేపరు పరిచి దాని మీద బ్రష్షుతో కొత్త తోట బొమ్మ గీసి, ఏ మొక్క ఎక్కడో గుర్తులు పెట్టుకునేవారు. మొదటి ఏడు నేను కూర్చుని చూశాను. రెండో ఏడు ఊరుకోలేకపోయాను. సందు లేకుండా మొక్కలు కుక్కేశారు, పండగ ముందు బజారులా ఉంది, ఇల్లన్నాక వాకిలంటూ ఉండొద్దా అన్నాను. ఆయన చాలాసేపు తొట్టి వైపు చూసి, ముందున్న మొక్కలన్నీ పీకి, జానెడు వెడల్పున ఉత్త ఇసక వదిలారు. వారం తిరక్కముందే చేపలన్నీ ఆ ఖాళీలోకి వచ్చి తిరగడం మొదలుపెట్టాయి. దానికి "నీ వాకిలి" అని పేరు పెట్టారు. పెరటి చుట్టూ ఉన్న వాళ్ళందరూ వచ్చి చూసి వెళ్ళారు. వాకిలి వేసింది నేనని వచ్చినవాళ్ళందరికీ చెప్పాను.

ఆ తోటలోనే ఏంజెల్ చేపలు రెండు జంట కట్టి, వెడల్పాటి ఆకు మీద గుడ్లు పెట్టాయి. వంతులేసుకుని రెక్కలతో వాటికి విసిరేవి. దగ్గరికొచ్చిన దేన్నయినా తరిమేవి. ఆయన అన్నం కంచం కూడా తొట్టి ముందుకే తెచ్చుకునేవారు.

ఇక రాగి అండా సంగతి. అది మా అత్తకి పుట్టింటివాళ్ళు ఇచ్చింది. ఆరు బిందెలు పడుతుంది. ఇంట్లో తాగే నీళ్ళన్నీ అందులోనే. ప్రతి గురువారం దాన్ని ఖాళీ చేసి, చింతపండు పెట్టి, కొబ్బరి పీచుతో లోపలా బయటా తోమి, తొలిచి, శుక్రవారం పొద్దున్నే కొత్త నీళ్ళు నింపాలి. పెళ్ళయ్యాక ఆ పని నాది. తోమాక అందులో మొహం కనిపించాలి. కనిపించకపోతే మా అత్త మళ్ళీ తోమించేది. రాగిలో నిలవున్న నీళ్ళు తాగే ఇంటికి రోగం రాదని ఆవిడ నమ్మకం. చుట్టుపక్కల ఎవరికి జ్వరం వచ్చినా మా అండాలోంచి చెంబెడు నీళ్ళు వెళ్ళేవి.

మూడో ఏడు ఎండాకాలం ఊళ్ళో నీళ్ళు లేవు. చెరువులు అడుగంటాయన్నారు. కొళాయి నాలుగైదు రోజులకోసారి వచ్చేది, అదీ గంటసేపు, దారంలా. వీధిలోకి లారీ వస్తే బిందెలతో యుద్ధమే. ఆ యుద్ధాల్లో నా గొంతు బాగా పనికొచ్చింది. అండా నిండితే అదే పదివేలు, తొట్టికి పెట్టే మట్టికుండలు ఎండిపోయి పడి ఉండేవి. ఆయన నీళ్ళు మార్చడం మానేసి, ఆవిరై తగ్గినంత మాత్రం ఎలాగో తెచ్చి పోసేవారు. సరిగ్గా అప్పుడే జోలార్‌పేటలో బోర్డులు రాసే పని పడింది ఆయనకి. నాలుగు రోజులు. వెళ్ళేముందు తొట్టి అద్దం మీద ఎర్ర పెయింటుతో సన్నగా ఒక గీత గీశారు. తొట్టి వైపు చూస్తూనే నాకు చెప్పారు.

"నీళ్ళు ఈ గీత దిగితే నిలవున్నవి పొయ్యి. పిల్లలుండాయి ఆడ, చూసుకో."

ఆకు మాటున ఏంజెల్ పిల్లలు ఉన్నాయి. గోరంత కూడా లేవు, అప్పుడే ఈదడం నేర్చుకుంటున్నాయి.

రెండో రోజుకే నీళ్ళు గీత దాటి రెండు వేళ్ళు దిగిపోయాయి. కరెంటు లేక, తొట్టి నీళ్ళలోకి గాలి ఊదే మోటారు ఆగిపోయింది. చేపలు పైకొచ్చి నోళ్ళు తెరుస్తున్నాయి. కుండల్లో చుక్క లేదు. నాకు భయం పట్టుకుంది. ఆ భయం చేపల కోసమే అని చెబితే అబద్ధం. అవి పోతే ఆ పీటలు ఉండవు. ఆ పీటలు లేకపోతే ఆయన గొంతు ఇక నాకు వినిపించదు. మూడేళ్ళలో ఆ అద్దం ముందు తప్ప ఆయన నాతో నాలుగు మాటలు వరసగా మాట్లాడింది లేదు.

వంటింట్లోకి వెళ్ళి అండా వైపు చూశాను. మొన్ననే తోమింది, నిగనిగలాడుతోంది. అందులో నీళ్ళు రెండు రోజులుగా నిలవున్నవే, ఆయన చెప్పినట్టే. పైగా రాగివి, మందుతో సమానం. ఇంతకంటే మంచి నీళ్ళు మద్రాసు మొత్తంలో ఎక్కడ దొరుకుతాయి? మా అత్తని అడిగాను. ఆవిడ ఒక్క నిమిషం ఆలోచించింది.

"పొయ్యమ్మా. వాడి ప్రాణమంతా ఆ తొట్టిలోనే కదా ఉండాది."

ఆవిడ కోసం కూజా నిండా తీసి పక్కన పెట్టాను. మిగతావన్నీ, అడుగున చుక్క మిగలకుండా, బిందెలతో తోడి తొట్టిలో పోశాను. నీళ్ళు ఎర్ర గీత దాటి పైకి వచ్చాయి. చేపలకి తలంట్లు పోసినంత సంబరపడ్డాను.

మర్నాడు పొద్దున మొదట నత్తలు రాలాయి. ఎప్పుడూ అద్దానికి అతుక్కుని పాకే నత్తలు ఒక్కొక్కటే ఇసక మీద పడి కదలకుండా ఉన్నాయి. మధ్యాహ్నానికి పిల్లలు కనిపించలేదు. ఆ తర్వాత పెద్దవి, ఒకటి తర్వాత ఒకటి. ఆయన వచ్చేసరికి బతికున్నది ఒక్కటీ లేదు. రిబ్బన్ గడ్డి తెల్లగా తేలిపోయి, పట్టుకుంటే చేతిలో కరిగిపోతోంది. వాసన వీధి గుమ్మం దాకా వచ్చింది.

ఆయన సంచీ కింద పెట్టారు. తొట్టి చూశారు. వంటింట్లోకి వెళ్ళి, వచ్చారు. చొక్కా చేతులు మడిచి, చేపల్ని ఒక్కొక్కటే దోసిట్లోకి తీసి, కరివేపాకు చెట్టు మొదట్లో పాతిపెట్టారు. చేతులు కడుక్కుని నా ముందుకొచ్చి నిలబడ్డారు.

"నేను లే... లే..."

మెడ నరం ఉబ్బింది. నేను లేనప్పుడు ఏం చేశావని అడగబోతున్నారు. ఆ మాట ఆయన నోటి నుంచి వినే ధైర్యం నాకు లేదు. మీరు లేనప్పుడు ఎండలు మండిపోయాయి, ఆ వేడికే పోయాయి అని గబగబా అనేశాను. మా అత్త కూడా ఎండలే అంది. అప్పటికి నాకు నిజంగానే కారణం తెలియదు, నా చేతి మీదుగా జరిగిందని మాత్రం తెలుసు. ఆయన నా వైపు కాసేపు చూసి, తలూపారు.

తొట్టి ఖాళీ అయిపోయింది. పీటలు వంటింట్లోకి వెళ్ళిపోయాయి. ఆయన సాయంత్రాలు తొట్టి వైపు వీపు పెట్టి కూర్చుని పేపరు చదివేవారు. మేం మాట్లాడుకోవడానికి ఇంట్లో చోటు లేకుండా పోయింది. ఎటూ ఖాళీగానే ఉంది, దసరాకి బొమ్మల కొలువు అందులో పెడదాం, దుమ్ము పడదు అని మా అత్త మంచికే అంటే, ఆవిడ మీద విరుచుకుపడ్డాను. తర్వాత వంటింట్లోకి వెళ్ళి ఏడ్చాను. ఆయన మధ్య మధ్య అదే మాట మొదలుపెట్టేవారు. ఒకసారి భోజనం దగ్గర, ఒకసారి కొళాయి దగ్గర బిందె ఎత్తుతూ. "నేను లే..." అనగానే నేను ఎండల సంగతి ఎత్తుకునేదాన్ని. ఆయన మాట మింగేసేవారు.

ఒకరోజు ఎవరికీ చెప్పకుండా మూర్ మార్కెట్టుకి వెళ్ళాను. చేపలు కొని తెచ్చి, ఆయన వచ్చేలోగా తొట్టి నింపేద్దామని నా ఆలోచన. నాకు అన్నీ అలాగే, అప్పటికప్పుడు అయిపోవాలి. ఎన్నో ఏళ్ళుగా ఆయనకి చేపలమ్మే ముసలాయన నన్ను గుర్తుపట్టి, సార్ రావడం లేదేమని అడిగాడు. జరిగింది చెప్పాను. నీళ్ళలో లోపమేమీ లేదని, చింతపండుతో తోమిన రాగి అండాలో రెండు రోజులు నిలవున్న నీళ్ళని గొప్పగా చెప్పుకున్నాను. ముసలాయన చేతిలో వల ఆగిపోయింది.

"మొదట నత్తలు పోయినాయామ్మా?"

అవునన్నాను. రాగి మనుషులకి మంచిదేననీ, చేపలకీ నత్తలకీ మొక్కలకీ పడదనీ, చింతపండు పులుపుకి ఇంకా ఎక్కువగా నీళ్ళలోకి దిగుతుందనీ నెమ్మదిగా, తమిళం కలిపి చెప్పాడు. నేను కొట్టు బల్ల పట్టుకుని నిలబడ్డాను. ప్రతి గురువారం మొహం కనిపించేలా తోమింది ఈ చేతులే. చేపలు కావాలన్నాను. ఇవ్వనన్నాడు. ఇసక మార్చి, మొక్కలు నాటి, అవి వేళ్ళూనుకునేదాకా నలభై రోజులు ఆగి అప్పుడు రమ్మన్నాడు. సార్‌కి చెప్పేయమ్మా అని కూడా అన్నాడు.

దారి పొడుగునా చెప్పేద్దామనే అనుకున్నాను. చెప్పలేదు. మా అత్త కుమిలిపోతుందని సాకు చెప్పుకున్నాను. అసలు సంగతి, విని ఆయన తలూపి ఊరుకుంటే ఆ తలూపడం భరించలేననిపించింది.

దీపావళి వెళ్ళాక వానలు పట్టుకున్నాయి. డాబా తూము కింద కొత్త మట్టికుండలు ఎనిమిది వరసగా పెట్టి నింపాను. ఒక్క ఇత్తడి బిందె గానీ రాగి చెంబు గానీ ఆ దరిదాపులకి రానివ్వలేదు. ఆయన వచ్చాక, తోట వేద్దాం పదండి అన్నాను. ఆయన కుండల్ని చూశారు, నన్ను చూశారు. చాలా రోజులకి నవ్వారు.

ఎండిపోయి బీటలిచ్చిన పుట్టీ అంతా గీకేసి కొత్తది పెట్టారు. నీళ్ళు నింపి చూస్తే ఒక మూల చెమ్మ. మళ్ళీ ఖాళీ చేసి, ఆరబెట్టి, మళ్ళీ పెట్టారు. వారం పోయింది. కొత్త ఇసక నేను కడిగాను, కడిగిన నీళ్ళు తేటగా వచ్చేదాకా. పాత ఇసక పారబోస్తుంటే అందులో వాగు మొక్కల దుంపలు నాలుగు దొరికాయి. ఆకులన్నీ కుళ్ళిపోయి, నల్లబడి ఉన్నాయి. పారేయబోతే ఆయన నా చేతిలోంచి తీసుకుని కడిగి పక్కన పెట్టారు. ఈసారి ఆయన బొమ్మ గీయలేదు. పేపరు పరిచి, బ్రష్షు నా చేతికిచ్చారు. నేను ఇసకని వెనక ఎత్తుగా, ముందుకి వాలుగా గీశాను. గడ్డి వెనక్కి, వెడల్పాకు మొక్క ఎడమ పక్కకి, వాకిలి ఇదివరకటి కంటే విశాలంగా. వాకిలి అంచున ఆ నాలుగు దుంపలూ ఆయన నాటారు.

ఆ నలభై రోజులూ నా తల ప్రాణం తోకకొచ్చింది. నీళ్ళు మొదట పాలలా తెల్లబడ్డాయి. తర్వాత పచ్చబడ్డాయి. రోజూ సాయంత్రం నేను ఇప్పుడు తెద్దామా అన్నట్టు చూడడం, ఆయన చూపుడువేలు అడ్డంగా ఊపడం. పీటలైతే మళ్ళీ వేశాం గానీ మాటలు రాలేదు. నేను మాట్లాడి ఆ చోటు నింపేయవచ్చు, ఎందుకో నింపలేదు. ఊరికే కూర్చోవడం నాకు చేతనవునని అప్పుడే తెలిసింది. ఒకరోజు ఆయన వేలితో చూపించారు. నల్లటి దుంప పక్కన, ఇసకలోంచి, బియ్యపుగింజంత ఆకు.

నీళ్ళు తేటపడ్డాయి. నలభై రోజులు దాటిన ఆదివారం ఇద్దరం మూర్ మార్కెట్టుకి నడిచి వెళ్ళి, ఆరు చిన్న ఏంజెల్ చేపలు, పాలిథిన్ సంచుల్లో, తెచ్చుకున్నాం. ముసలాయన నన్ను గుర్తుపట్టనట్టే సంచులు కట్టి ఇచ్చాడు. ఇంటికి రాగానే నేను సంచి మూతి విప్పబోయాను. ఆయన నా చెయ్యి పట్టుకుని ఆపారు. సంచుల్ని అలాగే తొట్టిలో తేలనిచ్చి, అరగంట ఆగాలి. లోపలి నీళ్ళ చలవా బయటి నీళ్ళ చలవా ఒకటి కావాలి. సరేనని కూర్చున్నాను.

ఆయన తొట్టి వైపు నుంచి తిరిగారు. పీట కూడా జరిపి నాకు ఎదురుగా కూర్చున్నారు. పెళ్ళయ్యాక ఎప్పుడూ అలా కూర్చోలేదు. నా కళ్ళలోకి చూశారు.

"నేను లే..."

పెదవులు బిగుసుకున్నాయి. ఎండల మాట నా నాలుక చివర ఉంది. ఆ మాట వద్దు, రాగి సంగతి నేనే ముందు చెప్పేసి కాళ్ళు పట్టుకుందామని కూడా అనిపించింది. ఆయన వెనక సంచుల్లో చేపలు మెసలుతున్నాయి. నేను నోరు మూసుకుని కూర్చున్నాను. నా బతుకులో అంత కష్టమైన పని ఇంకోటి చేయలేదు.

"నేను లే... లేని ఆ నా... నాలుగు దినాలు..."

ఆగారు. గాలి పీల్చుకున్నారు. నేనూ ఆగాను.

"నువ్వేం తా... తాగినావు?"

నాకు అర్థం కాలేదు. ఆయన వంటింటి వైపు చెయ్యి చూపించారు.

"వచ్చిన రోజే చూసినా. అ... అండా అడుగుదాకా ఎండిపోయుండాది. ఊరంతా నీళ్ళకి కొ... కొట్టుకుంటా ఉంటే, తాగే నీళ్ళు తీసి వాటికి పో... పోసేసినావు. అమ్మకి కూజా ఉండాది. నీకేముండాది? అప్పటి నుంచీ అ... అడగాలనే చూస్తా ఉండాను."

ఏడు నెలలు. భోజనం దగ్గరా, కొళాయి దగ్గరా ఆయన మొదలుపెట్టిన ప్రతిసారీ అడగబోయింది ఇదే. నా నేరం అడుగుతున్నారనుకుని నేను ప్రతిసారీ ఆయన నోటికి అడ్డం పడ్డాను. చేపల సంగతి అంత తెలిసిన మనిషి, ఖాళీ అండా చూడగానే రాగి వల్లనే అని మొదటి రోజే తెలిసిపోయి ఉంటుంది. ఆ సంగతి ఆయనకి పట్టనే లేదు.

బావి నీళ్ళు తాగానని చెప్పబోయాను. "బా" దగ్గర ఆగిపోయాను. ఎంత ప్రయత్నించినా మాట రాలేదు. ఆయన అందించలేదు, తొందరపెట్టలేదు. నా మొహం చూస్తూ కూర్చున్నారు.

"బావి నీళ్ళు," అన్నాను చివరికి. "కాచుకుని తాగినా."

ఆయన లేచి వంటింట్లోకి వెళ్ళారు. అండా మూత తీసిన చప్పుడు వినిపించింది. చెంబు నిండా నీళ్ళు తెచ్చి నా చేతికిచ్చి, మళ్ళీ ఎదురుగా కూర్చున్నారు. అప్పుడు నాకు దాహం లేదు. అయినా చెంబు ఖాళీ అయ్యేదాకా తాగాను.